మామాకు నప్పిన గౌను

సుబ్బరత్నక్కకు, నేనిక్కడ బాగున్నాను. నేను పనిచేసే ఇంటి యజమానురాలు, అదే మా మామా, నన్ను పనిలోంచి తీసేసిందని ఎవరో చెబితే ఏడ్చావట. ఫోన్‌లో చెబితే మళ్లీ ఏడుస్తావని ఈ కార్డు రాస్తున్నాను.

మామా తన తమ్ముడి పెళ్లికి గౌను కొంటూ నన్నూ షాపుకు తీసుకుపోయింది. బంగారు రంగుది, ఒంటికి అతుక్కునేది, నడుముకు వెడల్పాటి బెల్టున్నది వేసుకుంది. షాపులో ఆడవాళ్లంతా ఆహా ఓహో అన్నారు. "నువ్వు చెప్పు" అని మామా నన్నడిగింది. నా నోరు ఊరుకోలేదక్కా.

"మామా, దీంట్లో నీ పొట్ట ముందర నడుస్తాంది, నువ్వు యెనక వస్తాండావు" అని వచ్చీరాని అరబ్బీలో అనేశాను.

"యల్లా, బయటికి పో!" అంది. ఇక ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దే, ఊరికి పంపేస్తుందని కారు దగ్గర నిలబడి ఏడ్చాను. కాసేపటికి తనే వచ్చి, "మరి నాకేది బాగుంటుంది?" అంది. నువ్వు కుట్టేటప్పుడు చెప్పేదే చెప్పాను: పొట్ట ఉన్నవాళ్లకు నడుం దగ్గర పట్టీ వద్దు, రొమ్ము కింద కుట్టు వేసి అక్కడినుంచి గుడ్డ వదులుగా జారాలి. అలాంటిదే ముదురాకుపచ్చది దొరికింది. పెళ్లిలో అందరూ మామా సన్నబడిందన్నారు.

బావ మోకాలు ఎలా ఉంది? నిమ్మచెట్లకు నీళ్లు అందుతున్నాయా? పిల్లలకు నా దీవెనలు.

రంజాన్ పండక్కి మామా వాళ్లక్క కూడా నాతోనే గౌను ఎంపిక చేయించుకుంటుందట. ఆమెకు భుజాలు వెడల్పు, మెడ పొట్టి. ఏది నప్పుతుందో కార్డు అందగానే ఫోన్ చేసి చెప్పు, నా నోరు మళ్లీ జారకముందే.

నీ చెల్లెలు
వెంకటేశ్వరి