అబ్బా తుపాకితో నా మొదటి షికారు

12-1-86, ఆదివారం

ఖమర్,

చెరువుకు బయలుదేరాను. బాతుల షికారుకు జంగ్లాత్, అదే అడవిశాఖ ఆఫీసువాళ్లు ఇచ్చిన పర్మిట్ ఈ ఒక్కరోజుకే. తెల్లవారుజాము ఫజర్ నమాజు గట్టు మీదే చేసుకుంటాను. అమ్మీకి రొట్టె తిన్నాకే మందు ఇవ్వు. మసాలా మాత్రం ఇప్పుడే నూరకు.

"కోడిని కోసేటందుకే కండ్లు మూసుకుంటరు, మీకెందుకు జీ గీ తుపాకి?" అని నిన్న నవ్వావు. నవ్వితే నవ్వావు కానీ, అమ్మీ వినేలా అనకుండా ఉండాల్సింది.

చిన్నప్పుడు అబ్బాతో ఇదే చెరువుకు వెళ్లాను. మంచులోంచి బాతులు లేచేసరికి, ఆత్రంలో ఆయన బిస్మిల్లా అనడం మరిచి కాల్చారు. పడిన బాతును చేతిలోకి తీసుకుని, "అల్లా పేరు తీయకుండ కొట్టింది, గిది మనం తినొద్దు బేటా," అన్నారు. మరిచిపోతే మాఫీ ఉందని మౌల్వీ సాబ్ చెప్పినా వినలేదు. తుపాకిని పెట్టెలో పెట్టేశారు. అంత పట్టుదల అల్లా అడిగాడా అని ఇప్పటికీ అనుకుంటాను. బాతు కూర అమ్మీ మళ్లీ వండనే లేదు. మొన్న జ్వరంలో మాత్రం అడిగింది.

ఫక్రుద్దీన్

ఇంకో మాట. ఎందుకైనా మంచిది, ఎర్రకోడిని బయటికి వదలకు. ఖాళీ చేతులతో వస్తే, గురి తప్పిందా, బిస్మిల్లా మరిచారా అని అమ్మీ ముందు అడగకు. నువ్వన్నట్టే కళ్లు మూసుకుని కాల్చి ఉంటాను, అంతే అనుకో.