నాన్న దించని చెయ్యి

పాల్వంచ,
ఆదివారం సాయంత్రం.

అమ్మకు,

ప్రభువు పేరిట జస్టిన్ వందనాలు. ఇక్కడ నేను, నాన్న, మన పిల్లి అందరం బాగున్నం. నువ్వు పెట్టిపోయిన చింతకాయ పచ్చడి మాత్రం మొన్ననే కాలం చేసింది. వేడన్నంతో మర్యాదగా సాగనంపినం. పుణెలో మహిమక్కను మంచం దిగనియ్యకు. మేనల్లుడో మేనకోడలో వచ్చేదాకా డాక్టరమ్మ మాటే వాక్యం.

ఉత్తరంలో అడిగినవు కదా, "మీ నాన్న నామీద అలిగిండా? ఫోన్ల ఏమడిగినా అవ్ అవ్ అని నీకిచ్చేస్తడేంది?" అని. దానికి జవాబుంది. ముందు చర్చి వార్త చెప్పనీ.

నాన్న తన చేత్తో బిగించి, వారం వారం తనే నడిపే మైక్ సెట్ తీసేసి కొత్తది కొనాలని, గిటార్ వాయించే క్రాంతికుమారన్న పట్టుబట్టిండు. ట్రయల్‌కని ఒకటి తెచ్చి పాతదాని పక్కన పెట్టిండు. నిగనిగలాడే నలుపు, నీలం లైట్లు. ఒకే పాట రెండిట్లో వేస్తే చర్చి మొత్తం కొత్తదానికే చేతులెత్తింది. "దీంట్ల తబలా నా పక్కన కూసొని కొట్టినట్టే ఉంది" అన్నది జోజమ్మత్త.

నేను లేచి, బీఎస్సీ ఫిజిక్స్ గాంభీర్యమంతా గొంతులోకి తెచ్చుకొని, "ఇప్పుడు విన్నది మీ చెవులు కాదు, మీ కళ్లు. ఏది మోగుతుందో తెల్వకుండ వినాలె. అందరు కళ్లు మూసుకోండ్రి" అన్న.

అక్కడే దెబ్బతిన్న. మనోళ్లను చర్చిలో కళ్లు మూసుకోమంటే ఊరికే ఉంటరా? ప్రార్థన మొదలుపెట్టిన్రు! జోజమ్మత్త అయితే కొత్త సెట్‌కు కరెంటు ఖర్చు కూడా దేవునికి అప్పజెప్పింది. "అత్తా, ఆమెన్ అనకు, విను!" అని బతిమాలి మళ్లీ మొదలుపెట్టిన.

ఈసారి కళ్లు మూయకముందే షరతు చెప్పి, ఒక్కో సెట్‌లో ఒకసారి పాట వేసిన. రెండోది నచ్చినోళ్లు పాట ఆగంగనే చెయ్యెత్తాలె, నేను చెప్పంగనే దించాలె. లెక్కపెడితే సగం మంది అటు, సగం మంది ఇటు. కళ్లు మూస్తే ఎవరికీ తేడా తెల్వలే. "ఇగ దించండ్రి" అన్న. అందరూ దించిన్రు.

నాన్న దించలే.

మైక్ సెట్ దగ్గర నిలబడి, కళ్లు మూసుకొని, చెయ్యి పైకెత్తి అట్లనే ఉన్నడు. "నాన్నా, దించు" అన్న. మళ్లీ అన్న. ఆయన ప్రార్థనలో మునిగిండనుకొని వెనకనుంచి ఎవరో "స్తోత్రం" అన్నరు. నేను పోయి భుజం ముట్టుకున్న. కళ్లు తెరిచి, నన్ను కాదు, అందరి చేతులను చూసిండు. అప్పుడు దించిండు.

ఓట్లు సమానమైనయి కాబట్టి పాతదే ఉండనియ్యమన్నరు పాస్టరుగారు. అందరూ చప్పట్లు కొట్టిన్రు. నాన్న ఆ చప్పట్లను చూసి నవ్విండు.

బయటికొచ్చినంక అడిగిన, "నాన్నా, నీకు వినబడుతలేదా?"

నా పెదాలనే చూస్తూ, "పాట చప్పుడు తెలుస్తది రా. మాటే అందుతలేదు. ఇన్నేండ్లు మిషన్ల పక్కన డ్యూటీ చేస్తిని గద! ఎదుటోళ్ల మూతి కనబడితే నడిచిపోతది. మీ అమ్మకు చెప్పకు, అక్కడ పిల్లనిడిచి ఉరికొస్తది" అన్నడు.

"మరి సౌండ్ ఎట్ల సరిచేస్తున్నవ్?"

"సెట్ మీద ఎర్ర లైటు వెలిగితే తగ్గిస్త."

ఆదాము చెవికి తిరుగులేదని నాన్న గురించి ఇన్నాళ్లు చర్చి మెచ్చుకున్నది ఆయన కన్నునే అమ్మా. అందరి కళ్లు మూయించి పెద్ద మొనగాణ్ణని మురిసిపోయిన. ఆయనకున్న ఆ ఒక్క ఆసరానూ నేనే మూయించిన.

చెప్పనని ఆయనకు మాటిచ్చిన. అయినా చెప్తున్న. అది అలక కాదమ్మా. ఫోన్లో నీ మూతి కనబడదు, అంతే. ఈ ఉత్తరం అందినకాడినుంచి వీడియో కాల్ చెయ్యి. వెలుతురులో కూసొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండ మాట్లాడు. ముందు కడుపునిండ తిట్టు, తర్వాత ఖమ్మంలో చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మను. నేను చెప్తే మొహం పక్కకు తిప్పుకుంటుండు.

నిన్ను చూడకుండ ఎట్లుంటడు?

ఇట్లు,
ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకోని
నీ కొడుకు,
జస్టిన్.