పచ్చ అంటే ఏ పచ్చ?

ఒరేయ్ మేనల్లుడా,

నువ్విచ్చిన వంశవృక్షం ప్రోగ్రాంలో నూటపన్నెండు మందినీ ఎక్కించేశా! నా పేరు పక్కన గడి మాత్రం యాభై రెండేళ్ళుగా ఖాళీ. ఇక ఖాళీ కాదురోయ్! మా కుట్టుకొట్టు ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయనా నేనూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. కానీ మీ నాన్న ముందు నాకు నోరు పెగలదు. అన్నయ్య ఔననకపోతే నాకీ పెళ్ళే వద్దు. ఆదివారం అందరూ చెట్టు చూడ్డానికి వస్తారుగా, ఆ గడే చెబుతుంది. ఆయన పేరు చేర్చా, నువ్వు పచ్చరంగు వేసి పంపు. నేను ముట్టుకుంటే తెరంతా నల్లబడుతోంది.

ఇట్లు,
కాలు నిలవని నీ అత్త

తా.క.: మీ అమ్మకు చెప్పకు. తనకూ ఓ కొత్త రంగు కావాలంటుంది.

అత్తా,

నీ నోట్లో పంచదార పొయ్య! ఎంత మంచి కబురు! ఆయన గడికి నిగనిగలాడే పచ్చ వేశా. ఏ రంగు ఎవరిదో తెలిసేలా కింద పట్టిక కూడా పెట్టా.

ఇట్లు,
పెళ్ళిపెద్ద హోదాలో నీ మేనల్లుడు

తా.క.: పట్టికలో మాటలు ప్రోగ్రామే రాసుకుంటుంది. నేను చదవలేదు, బానే ఉంటాయిలే.

ఒరేయ్,

తెల్లారినట్టే ఉందిరా నీ తెలివి! పచ్చంటే నిమ్మపండు పచ్చరా, ఆకుపచ్చ కాదు! పట్టికలో ఆకుపచ్చకి ఏం రాసుందో తెలుసా? 'దత్తపుత్రుడు'! చొక్కా గుండీ కుట్టించుకోడానికొచ్చిన మీ నాన్న అది కాస్తా చూసేశాడు. "యాభై అయిదేళ్ళవాడు నీకు కొడుకా? నా ఈడువాడు నన్ను మామయ్యా అని పిలుస్తాడా?" అని గుండీ కూడా కుట్టించుకోకుండా వెళ్ళిపోయాడు.

ఇట్లు,
నువ్వు కొంప ముంచిన అత్త

తా.క.: ఈ మాట విన్న దగ్గర్నుంచి ఆయన ఒక గడియారం ముళ్ళు ఇంకోదానికి బిగిస్తున్నాడు.

అత్తా,

లెంపలేసుకుంటున్నా! ఇదిగో, పసుపుపచ్చ. పట్టిక ఈసారి రెండుసార్లు చదివా: 'కాబోయే భర్త'. నాన్నకు ఫోన్ చేసి నిజం చెప్పేయనా?

ఇట్లు,
బుద్ధొచ్చిన మేనల్లుడు

తా.క.: మొన్న నాకు మామయ్య, నిన్న బావ, ఇవాళ మళ్ళీ మామయ్య. త్వరగా ఏదో ఒకటి ఖాయం చెయ్యండి.

ఒరేయ్ బంగారూ,

వద్దు, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు! నీ ఫైలు ఇంకా తెరవనేలేదు, మీ నాన్న వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రెండ్రోజులు ఆలోచించానే. మనిషి మంచివాడు. నీకూ ఓ తోడు కావాలి. కానీ అంత మనిషిని పెంచుకోవడమేమిటే పిచ్చిమొహమా! శుభ్రంగా పెళ్ళి చేసుకో!" అన్నాడు. సంతోషం పట్టలేక కుట్టుమిషను మీద తలపెట్టి ఏడ్చేశానురా. అది చూసి మీ నాన్న హడలిపోయి, "నీకు ఇష్టం లేకపోయినా నా కోసం ఒప్పుకోవే" అని బతిమాలాడు! పోనీలే పాపం అని ఒప్పుకున్నా.

ఇట్లు,
అన్న మాట జవదాటని నీ అత్త

తా.క.: ఆయన్ని ఒప్పించే బాధ్యత కూడా మీ నాన్నే నెత్తినేసుకున్నాడు. ఇప్పుడే రోడ్డు దాటుతున్నాడు.