పావు మైలు, రెండు కళ్లజోళ్లు

3 మార్చి 1974, ఆదివారం

మా అబ్బాయి శేషు పోయి నలభై రోజులు. అప్పటినుంచి ఈ పుస్తకం తెరవలేదు. ఇవాళ తెరవడానికి కారణం మనవడు మురళి.

"రెండు బళ్ల టైమూ నువ్వే చూడాలి నాన్నమ్మా. నువ్వయితే నా వైపూ రాయవు, నాన్న వైపూ రాయవు."

నల్లది శేషు కట్టినది. తెల్లది మురళి ఏడాదిగా కట్టుకున్నది. రెండూ సెడాన్ కార్లే. రెండింటికీ అడుగున జీపు గేర్లు – ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుంది. రెండింటికీ తుక్కులో కొన్న టర్బోలు – ఇంజనులోకి గాలి నెట్టి బలం పెంచేవి. మద్రాసు పందేనికి వెళ్లేది ఒక్కటే. ఓడినదాన్ని విప్పేసి, భాగాలు గెలిచినదానికి దాచుకోవాలట.

సరే అన్నాను. ఏడుపు రాలేదు. ఇంతవరకూ రాలేదు.

4 మార్చి

స్కూల్లో వాడిన స్టాప్‌వాచ్‌కి కీ ఇచ్చాను. నడుస్తోంది.

10 మార్చి, ఆదివారం

గచ్చిబౌలి దాటాక, బండరాళ్ల మధ్య తిన్నని రోడ్డు. పావు మైలు – 402 మీటర్లు. టేపుతో రెండుసార్లు కొలిపించాను. అవతలి చివర, బండి బయల్దేరేచోట, శేషు షెడ్డు మేస్త్రీ యాదగిరి – చేతిలో ఎర్ర రుమాలు, నోట్లో ఈల; రుమాలు దించుతూనే ఈల ఊదుతాడు. ఇవతలి చివర, పరుగు ముగిసేచోట, గడియారంతో నేను. రెండు బళ్లూ నడిపింది మురళే.

తెల్లది – 17.4 సెకన్లు.

బండి ఆపి మురళి అడిగాడు: "రుమాలు కనబడిందా?"

"లేదు. చదువుకునే కళ్లజోడుతో వచ్చేశాను. ఈల వినబడింది, చాలు."

నా సంచిలోంచి దూరపుచూపు జోడు తీసి వాడే నాకు పెట్టాడు. ఈసారి రుమాలు దిగడం స్పష్టంగా కనబడింది.

నల్లది – 18.1.

"సారు బండి ఓడిందంటే నమ్మబుద్ధి అయితలేదమ్మా..." – యాదగిరి.

"అంకె చూడు."

"నాన్న బండికి ఈల మెల్లగా ఊదావేమో!" – మురళి.

"ఈల ఊదుడుల గూడ తేడా ఉంటదా చిన్నసారూ?"

శుక్రవారం నల్లదాన్ని విప్పుతారు.

11 మార్చి

చారులో ఉప్పు వేశానో లేదో. మురళి ఉప్పు డబ్బా దగ్గరికి జరుపుకున్నాడు.

14 మార్చి, గురువారం

వసారాలో కూర్చున్నాను. దూరాన గుట్ట మీద ఎవరో బండ కొడుతున్నాడు. సుత్తి పడింది – చప్పుడు లేదు. సుత్తి మళ్లీ పైకి లేచాక... ఠంగ్.

చాలాసేపు చూశాను. ఇరవై ఆరేళ్లు తొమ్మిదో తరగతికి చెప్పిన పాఠం.

చప్పుడు సెకనుకు 340 మీటర్లు పోతుంది. 402 మీటర్లు రావడానికి 1.2 సెకన్లు. తెల్లబండికి ఈల విని నొక్కాను – అప్పటికే అది 1.2 సెకన్లుగా పరుగెత్తుతోంది. నల్లబండికి రుమాలు చూసి నొక్కాను.

తెల్లది 17.4 కాదు. 18.6.

నల్లది 18.1 – శేషు బండి గెలిచింది.

మూడుసార్లు వేశాను. లెక్క సరిగానే ఉంది. ఓడింది శేషు బండి కాకపోతే మళ్లీ వేసేదాన్నా? తెలియదు.

చెబితే – మురళి తన బండి విప్పుకోవాలి. చెప్పకపోతే – రేపు పొద్దున వాళ్ల నాన్నది.

చేయవలసినవి:

1. మొదటి బస్సుకే జీడిమెట్ల షెడ్డుకు చేరాలి. యాదగిరి స్పానరు పట్టేలోపు.

2. మురళికి చెప్పాలి. తప్పు గడియారానిది కాదు, నాది.

3. ఆదివారం మళ్లీ పరుగు. రెండింటికీ రుమాలే. ఈల వద్దు.

4. ఏది ఓడితే అది విప్పాలి. మొదటి బోల్టు నా ఎదుటే తీయాలి.

5. గడియారం ఎవరు నొక్కాలో తేల్చాలి. యాదగిరి కాదు. నేనూ కాదు.