కోడలి ఎడమ కాలు

మార్చి 3, మంగళవారం
కారుకి కొత్త క్లచ్ వేశాను. కంపెనీది కాదు, బయట దొరికేది. మెకానిక్ షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్నా నా చేతులు ఇంకా మాట వింటున్నాయి. నడిపి చూస్తే వెన్నలా ఉంది. కోడలికి సోమవారం ఆసుపత్రిలో డ్రైవర్ ఉద్యోగానికి టెస్టు. ప్రాక్టీసు ఈ కారు మీదే. ముచ్చటపడి పెడళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ కూడా వేశాను.

మార్చి 4
కోడలు గేరు వేస్తే కర్రుమంటోంది. క్లచ్ మొత్తం తొక్కినా బండి పాకుతోందట. మొత్తం తొక్కలేదన్నాను. తొక్కానంది. పనికి ముందు మ్యాట్లు బయట పడేయడం నాకు మొదటినుంచీ అలవాటు, గ్రీజు అంటుతుందని. అవి తీసి, క్లచ్ ఆయిల్‌లో గాలి తీసి, నడిపాను. గేర్లన్నీ నోరెత్తకుండా పడ్డాయి. మ్యాట్లు పరిచి తాళం ఇచ్చాను. కోడలు నడిపితే మళ్లీ కర్రుమంది.

మార్చి 5
అదే గోల. నాకు తిక్క రేగింది. నీకున్నది కాలు కాదమ్మా, రోకలి అని వీధిలో అందరి ముందూ అనేశాను. నవ్వారు. కోడలూ నవ్వింది. మీ కాలికేమైనా బంగారు తొడుగుందా అని మా ఆవిడ సణిగింది.

మార్చి 6
తనకి క్లచ్ పట్టు చిక్కలేదని, టెస్టుకి రానని కోడలు ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేసింది. మంచిదే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

మార్చి 7, ఉదయం
కూరగాయలకని కారు తీశాను. రిపేరు కాదు కదా, మ్యాట్ తీయలేదు. గేటు దగ్గరే కర్రుమంది. వంగి చూశాను. ఈ క్లచ్ అడుగుదాకా తొక్కితేగానీ వదలదు. ఆ చివరి అంగుళం మ్యాట్ మింగేస్తోంది. నేను చూసిన ప్రతిసారీ అది బయట ఉంది. ఆమె తొక్కిన ప్రతిసారీ లోపల ఉంది.

ఛీ, నా బతుకు.

మ్యాట్ పీకేశాను. పెడల్ రాడ్ సరిచేశాను. కూరగాయలు తేలేదు.

మధ్యాహ్నం
అన్నం దగ్గర చెప్పేశాను. కోడలు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా కాలే అనుకున్నాను మామయ్యా, గదిలో కుర్చీలో కూర్చుని ఉత్తుత్తినే తొక్కి తొక్కి చూసుకున్నాను అంది. మా ఆవిడ ఫోన్ తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

మూడు గంటలు
ఆసుపత్రికి ఫోన్ చేశాను. మా కోడలు టెస్టుకి వస్తుంది, లోపం ఆమెది కాదన్నాను. మరి కారుదా అని అడిగారు. కాదండీ, మామగారిది అన్నాను.