ఇంకో గ్రహం మీద కాపురం

ముసునూరు,
4-3-1985

దయామణి నాన్నగారికి భాగ్యవతి నమస్కరించి రాయడమేమనగా, మరియమాత చల్లని చూపు వల్ల ఇక్కడ నేనూ, పిల్లా, అత్తయ్యగారూ కులాసాగా ఉన్నాం. మీరూ అక్కడ వేళకి వండుకుని తింటున్నారని నమ్ముతున్నాను. నమ్మక చేసేదేముంది, కన్నడదేశంలో ఉన్న సింధనూరు ఇక్కడికి కనపడదు కదా.

మీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. లేకపోతే నేనడిగిందొకటి, నువ్వు రాసిందొకటి అని మళ్ళీ మొదలెడతారు. తోటలో ఈ ఏడు పూత బాగా నిలిచింది. తేనెమంచు పురుగు కనపడగానే మందు కొట్టించాను. రసాలు గోలీకాయంత పిందె పట్టాయి. బంగినపల్లి కొంచెం పలచగా ఉంది. అత్తయ్యగారి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. మీరు పంపిన తైలం రాస్తుంటే, మా వాడు పంపాడు కాబట్టి బానే ఉంటుందిలే అంటారు, వాసన మాత్రం భరించలేకపోతున్నారు.

రసాల అంట్లు మళ్ళీ పంపమన్నారు. పంపను. నిరుడు మన ఎర్రనేల అంట్లు గోనెపట్టాలో చుట్టుకుని పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళారు. తీసుకెళ్ళి ఆ నల్లరేగడిలో, అదీ వరిచేను గట్టు మీద, కాలవ పక్కన పాతారు. అది చాలదన్నట్టు ఇక్కడ ఎండాకాలం పోసినట్టు పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు పోశారు. వేళ్ళు కుళ్ళక ఏం చేస్తాయి? పక్క చేను బసమ్మ ఇక్కడొద్దని చేతులూపి మరీ చెప్పిందని మీరే రాశారు. ఆవిడ భాష అర్థం కాలేదని కూడా రాశారు. చేతులు కూడా కన్నడంలోనే ఊపిందా ఏంటి? నీళ్ళ కోసం మొహం వాచిన మెట్ట ఊరివాడు కాబట్టే ఆ పని చేశాడు, ఇంకొకడైతే చెయ్యడు అని అత్తయ్యగారే అన్నారు. మెరక చూసి, నీళ్ళు నిలవని గరప మట్టి దిబ్బ పోయించి, బసమ్మని అడిగి రాయండి. అప్పుడు పంపుతాను.

ఇక మీరు అడిగిన పెద్ద మాట ఉంది. జూన్‌లో సామాను సర్దుకుని వచ్చేస్తావా లేదా, విస్సన్నపేట షావుకారుకి తోట అమ్ముతానని మాట ఇచ్చెయ్యమంటావా వద్దా అని. దసరా నుంచీ అడుగుతున్నారు. దసరా నుంచీ నేను మీకు మోకాళ్ళ సంగతీ, పూత సంగతీ రాస్తున్నాను. ఈసారి తప్పించుకోను. కానీ ముందు పిల్ల సంగతి వినాలి. వినకపోతే నా జవాబు మీకు అర్థం కాదు.

వక్తృత్వపు పోటీ ఏంటి, ఆకాశం గొడవేంటి అని అడిగారు కదా. నిరుడు మనవాడొకడు అంతరిక్షంలో తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ బడుల్లో అన్నీ ఆ ముచ్చట్లే. మనిషి వేరే గ్రహాల మీద కాపురం పెట్టాలా వద్దా అన్నది ఈసారి విషయం. నూజివీడులో జిల్లా పోటీ. వాళ్ళ సైన్సు మాస్టారు నరసింహులు గారు దయామణి పేరిచ్చారు. చీటీ తీస్తే 'పెట్టాలి' అనే వైపు వచ్చింది. ఇంటికొచ్చి బియ్యం ఏరుతున్న నా ఎదురుగా కూర్చుని, అమ్మా, నువ్వైతే వెళ్తావా అని అడిగింది. నాకు తిక్క రేగింది. ముందు ఆ చేటలో రాళ్ళు ఏరు, తర్వాత చుక్కలు ఏరుదువుగాని అన్నాను. అది గ్రహాల గురించి అడిగిందో, సింధనూరు గురించి అడిగిందో నాకు తెలీదనుకోకండి.

పోటీ రోజు నేనూ వెళ్ళాను. మన పెళ్ళినాటి చీర కట్టుకున్నాను. మొదట మైలవరం పిల్ల ఒకతి 'వద్దు' అనే వైపు మాట్లాడింది. మా వీధి కుళాయికి నీళ్ళు రాక ఏడాదైంది, ఇది బాగుచేసుకోలేనివాళ్ళం కుజగ్రహం మీద ఏం ఉద్ధరిస్తాం అంది. ఉన్న ఇంటి కప్పు కారుతుంటే దాన్ని నేయించుకోవాలి గానీ ఊరవతల ఇంకో ఇల్లు కడతామా అంది. నిజం చెప్పొద్దూ, నా కూతురు అవతలి పక్షమన్న సంగతి కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టాను. మాస్టారు వెనక్కి తిరిగి చూశారు.

తర్వాత మన పిల్ల లేచింది. మైకు దాని ఎత్తుకి లేదు. మునివేళ్ళ మీద నిలబడి మొదలెట్టింది. మనిషి ఎప్పుడూ పుట్టినచోటే ఉండిపోలేదంది. కృష్ణాజిల్లా వాళ్ళు కాలవ పడిందంటే చాలు, ఆ ఊరి పేరు నోరు తిరక్కపోయినా మూట కట్టుకుని వెళ్ళి కేంపులని కొత్త ఊళ్ళే వేశారంది. రేపు చంద్రుడి మీద కాలవ తవ్వారంటే మర్నాటికల్లా అక్కడ మనవాళ్ళ నారుమడి ఉంటుందనేసరికి హాలంతా గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆగింది చూశారూ, అక్కడ నాకు మీరే కనపడ్డారు. పంచాయితీలో మీరూ అలాగే ఆగుతారు.

వెళ్ళినవాళ్ళు చేసే తప్పు కూడా చెప్పాలి కదా అని మీ అంట్ల కథంతా ఎత్తుకుంది. మా ఇంట్లో ఒకాయన అంది గానీ పేరు చెప్పలేదు. ఏం లాభం, ముసునూరు వాళ్ళందరూ నావైపే తిరిగారు. అక్కడ వద్దని చెప్పడానికి బసమ్మ అనే ఆవిడ ఉంది, అయినా ఆయన వినలేదు. కుజుడి మీద చెప్పేవాళ్ళు కూడా ఉండరు, అందుకని మనమే ఆ నేలనీ గాలినీ ఏళ్ళ తరబడి నేర్చుకుని మరీ వెళ్ళాలి, అంతేగాని అంటు చచ్చిందని ప్రయాణం మానుకోకూడదు అంది. మైలవరం అక్క చెప్పిన కప్పు మాటా నిజమే అని ఒప్పుకుంది. ఈ ఇంటిని పాడుబెట్టి, అమ్ముకుని పోతే దాన్ని వెళ్ళడం అనరు, పారిపోవడం అంటారు. వెళ్ళినవాళ్ళు ఎప్పుడైనా తిరిగొచ్చేందుకు ఈ ఇల్లు చల్లగా ఉండాలి అని ముగించింది. నేను నేర్పలేదండీ ఈ మాటలు. మీరూ నేర్పలేదు. దానికెక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలీదు.

న్యాయనిర్ణేతల్లో బెజవాడ నుంచి వచ్చిన లెక్చరరుగారొకాయన ఉన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"అంతా బానే ఉందమ్మాయ్. ముందు వెళ్ళేదెవరు? నువ్వెళ్తావా?"

"మా నాన్న ముందే వెళ్ళారండి."

జనం నవ్వారు. ఆయనా నవ్వి, ఏ గ్రహానికమ్మా అన్నారు. అది మాత్రం నవ్వలేదు.

"సింధనూరు దగ్గర కేంపుకండి. చుట్టుపక్కల చెట్టు లేదు, తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా కాలవ అవతలే ఉన్నారు. ఒక్కరే పాక వేసుకుని, ఒక్కరే వండుకుంటున్నారు. ఎవరో ఒకరు ముందు వెళ్ళి నేల చదును చెయ్యాలి కదండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మరి మీరంతా ఎప్పుడు వెళ్తారమ్మా అని మెల్లిగా అడిగారు.

"మా అమ్మ ఇంకా తేల్చలేదండి," అని చెయ్యి చాపి నన్ను చూపించింది.

భూమి చీలితే బాగుండుననిపించింది. అంతమందీ నన్నే చూస్తున్నారు. ఇంటికెళ్ళాక దీని పని చెబుతాననుకున్నాను. కానీ మొదటి బహుమతి అని దాని పేరు పిలిచినప్పుడు నాకు ఏడుపాగలేదు. పక్కన కూర్చున్న ఆవిడెవరో, మీ అమ్మాయా అండీ అని అడిగితే, మా అమ్మాయేనండీ, వాళ్ళ నాన్న సింధనూరులో ఉన్నారండీ అని అడగని మాట కూడా చెప్పాను. అంత గొప్పగా ఆ మాట నేనెప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ, మీ ఆయన ఏడమ్మా అంటే, పొట్టకూటికి పోయాడు అన్నట్టు తల వంచుకునేదాన్ని. మీరు ఇల్లొదిలి పోయిన మనిషి అని నాలో నేను అనుకుంటూ ఉంటే, నా కడుపున పుట్టింది మిమ్మల్ని ముందు నడిచిన మనిషి అంది. దాని కన్నుతో చూస్తే మీరు నాకు ఇంకో మనిషిలా కనపడ్డారు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. చదివాక తిట్టుకోండి, కానీ చివరిదాకా చదవండి.

పోయిన నెల గుణదల తిరునాళ్ళకి వెళ్ళాను. పిల్ల చదువు కోసం మొక్కుకున్నానని మీకు రాశాను. అది అబద్ధం. మీరు రెండో పంటగా వేసిన దాళ్వా వరి పోవాలని మొక్కుకున్నాను. పంట పోతే మీకు విసుగు పుట్టి తిరిగొచ్చేస్తారు, తోట నిలబడుతుంది, నేను మన ఊళ్ళోనే ఉండిపోతాను అని. అలా జరిగితే తలనీలాలిస్తానని మాత ముందు మోకరించి అడిగాను. మీరు అక్కడ మోకాలిలోతు బురదలో నాట్లేసిన చేనుని పోగొట్టమని అడగడానికి నాకు నోరెలా వచ్చిందండీ? ఆ కొండ దిగేటప్పుడు కూడా నాకు సిగ్గనిపించలేదు. నూజివీడులో పిల్ల మీ గురించి చెబుతుంటే అప్పుడనిపించింది.

పోటీ అయిన మర్నాడే మొదటి బస్సెక్కి మళ్ళీ గుణదల వెళ్ళాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా అని చెప్పుకున్నాను. చెప్పినంత మాత్రాన పోతుందా అని భయం వేసింది. ఇస్తానన్న జుట్టు ఇవ్వకపోతే, వద్దన్నది కూడా మాత వినదేమోనని. అందుకని పంట చేతికి రాకముందే గుండు చేయించుకున్నాను. ఆ చేను పండాలని, మీరు క్షేమంగా ఉండాలని ఇచ్చేశాను.

ఇంటికొస్తే అత్తయ్యగారు గుమ్మంలో నన్ను చూసి కొయ్యబారిపోయారు. మీ అబ్బాయి పంట కోసమండీ అన్నాను. అంతే, పొంగిపోయారు. నా కోడలు మొగుడి పంట కోసం నిలువెడు జుట్టు ఇచ్చిందని ఆ మోకాళ్ళతోనే చర్చి దాకా నడిచి చెప్పి వస్తున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడంలేదు. అసలు సంగతి మాతకీ మీకూ తప్ప ఎవరికీ తెలీదు.

నా జవాబు ఇది. వస్తాను. కాయ కోతలయ్యాక, జూన్‌లో వానలు పడకముందే వస్తాను. అత్తయ్యగారూ వస్తారట, మా వాడు ఇంకా ఏమేం ముంచేస్తాడో దగ్గరుండి చూడాలంటున్నారు. పిల్లకి అక్కడ కన్నడ బడి పడదు. పదో తరగతి నూజివీడులో సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుతుంది, సెలవులకి మన దగ్గరికొస్తుంది. అదే అడిగింది, నేనొప్పుకున్నాను. తోట మాత్రం అమ్మను. షావుకారుకి నేనే కబురంపేశాను. కౌలుకిస్తాను గానీ కాయితం మీద సంతకం పడదు. మీకు కోపమొస్తే మీ కూతురితో వాదించండి, ఆ పోటీకి కూడా నేను ఆ పెళ్ళినాటి చీరే కట్టుకుని వస్తాను.

బసమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ భాషలో నమస్కారం ఏమంటారో నాకు రాసి పంపండి.

సింధనూరు బస్టాండులో అత్తయ్యగారి పక్కన నెత్తిన కొంగు లాక్కుని దిగిన మనిషి ఎవరో అనుకుని చూపు తిప్పుకునేరు. నేనే. జుట్టుకేముందండీ, అక్కడ పెరుగుతుంది.

ఇట్లు,
మీ వెనకే వస్తున్న మీ భార్య
భాగ్యవతి