బురదలో మిగిలిన ఎర్ర పురుగు

అన్నయ్యా,

నీ ఎదుట పడే ధైర్యం లేక ఈ ఉత్తరం పాప ఉన్న వార్డు నర్సుకిచ్చి వెళుతున్నాను.

సముద్రపు బురదలో బొరియలు తవ్వుకునే పురుగులను వాటి ఒంటి మీది ముళ్ళను బట్టి ఏ జాతివో తేల్చడమే కదా నా ఉద్యోగం. నిరుడు మన రేవులో పదకొండు జాతులుండేవి. ఈ ఏడు ఎంతటి మురుగులోనైనా బతికే ఎర్ర పురుగొక్కటే మిగిలింది.

"పురుగులు చచ్చాయని ఫ్యాక్టరీ మూయిస్తావా ఏంటమ్మా? నిరుటి లెక్కే రాసెయ్" అన్నాడు మా ఆఫీసరు. రాసి సంతకం పెట్టాను.

డాక్టరుకు ఇది చూపించు. ఆ బురదను పరీక్ష చేయించాను, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం ఉంది, పాపకు దానికే వైద్యం చెయ్యాలి. తర్వాత పోలీసులకివ్వు.

పోయిన నెల మీ ఇంటికొచ్చినప్పుడు, ఆ రేవు బురదలో నువ్వు ఏరి తెచ్చిన గుల్లల కూర పాప వడ్డించబోతే, కడుపు బాగాలేదన్నాను. "అయితే నీ వాటా కూడా నాకేనా అత్తా?" అంది.

నేను వద్దనలేదు.

నీ చెల్లెలు